హైరూల్ మొదటి రాజు ఎవరు?

సంధానకర్త: హైరూల్ అంటే నింటెండో కంపెనీ వారి జెల్డా వీడియో గేమ్‌లు జరిగే కల్పిత రాజ్యం. 2011లో ఆ ఆటల అధికారిక పుస్తకం 'హైరూల్ హిస్టోరియా' రాగానే వాటి కాలక్రమం తేలిపోయిందని అభిమానులు సంబరపడ్డారు. 2023లో 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అనే కొత్త ఆట వచ్చి పాత పేచీని మళ్లీ లేపింది. అందరికీ సమానంగా సమయం ఇస్తాను. ముందుగా రచయిత్రి గారు...

విశ్లేషకుడు: ముందు నేపథ్యం చెప్పనివ్వండి. 1998 నాటి 'ఆకరీనా ఆఫ్ టైమ్' ఆట దగ్గర కథ మూడు పాయలైంది. కథానాయకుడు లింక్ గెలిచి విడిచి వెళ్లిన లోకం ఒకటి, బాల్యానికి తిరిగి వెళ్లిన లోకం మరొకటి, ఓడిపోయిన లోకం మూడోది. ఇది మేం అల్లింది కాదు, నింటెండో వాళ్లే ఆ పుస్తకంలో అచ్చు వేశారు. ఇప్పుడేమో కొత్త ఆటలో రౌరు అనే ఆయన హైరూల్ తొలి రాజట!

రచయిత్రి: రాజ్యం ఒకసారి కూలి, మళ్లీ వెలిసి ఉండవచ్చు కదా.

విశ్లేషకుడు: ఉండవచ్చు! ఆ ఒక్క మాటతో ఎన్ని చిల్లులైనా పూడ్చవచ్చు.

సంధానకర్త: వ్యాస భారతంలో శశిరేఖ లేదు. అయినా శశిరేఖా పరిణయాన్ని మనం కాదనుకున్నామా?

విశ్లేషకుడు: వ్యాసుడు వంశవృక్షం గీసి అమ్మలేదండీ.

గేమ్ డిజైనర్: ఒక చిన్న వస్తువు చూద్దాం. 'టియర్స్'కు ముందు వచ్చిన 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో రాతి ఉప్పు దొరుకుతుంది. ప్రాచీన సముద్రం నుంచి వచ్చిందని దాని వివరణలో ఉంటుంది. పాత ఆట 'విండ్ వేకర్'లో హైరూల్ నీట మునిగింది కాబట్టి...

సంధానకర్త: ఆ ఉప్పుతో వంట చేయవచ్చా?

గేమ్ డిజైనర్: చేయవచ్చు. పచ్చి మాంసంతో కలిపి కుండలో వేస్తే...

విశ్లేషకుడు: ఉప్పురాయి సాక్ష్యమా! 'విండ్ వేకర్' ప్రకారం జోరాలనే నీటి జాతి వారసులే రిటోలనే పక్షి జాతి. మరి ఇక్కడ రెండు జాతులూ పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయి?

గేమ్ డిజైనర్: నేను సరిగ్గా అదే చెప్పబోతున్నాను.

విశ్లేషకుడు: నేను చెప్పేశాను కదా. ఇంకొకటి, 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లోని ఆ 120 మందిరాలు కొత్త ఆటలో ఏమయ్యాయి? సరైన సంజాయిషీ ఉందా?

రచయిత్రి: 2018లోనే 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'ను ఏ పాయకూ కలపకుండా పటం చివర ఉంచారు. 2024లో సిడ్నీలో ప్రదర్శించిన పటంలోనూ అదీ, 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' రెండూ విడిగానే ఉన్నాయి.

విశ్లేషకుడు: అంటే చేతులెత్తేశారు! నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడటంతో కొన్ని మాటలు వినిపించలేదు.)

సంధానకర్త: ఒక్కొక్కరుగా, దయచేసి. శశిరేఖ సంగతికి మీరెవరూ జవాబు చెప్పలేదు.

రచయిత్రి: నేను చెబుతాను. 'ఆకరీనా'లో ప్రతినాయకుడు గానన్‌డార్ఫ్ రాజు ముందు మోకరిల్లడాన్ని యువరాణి జెల్డా కిటికీలోంచి చూస్తుంది. కొత్త ఆటలో అతడు రౌరు ముందు మోకరిల్లుతాడు. ఒకే ఐతిహ్యాన్ని ఇద్దరు వేర్వేరుగా చెప్పుకున్నట్లు...

విశ్లేషకుడు: ఐతిహ్యమైతే మూడు పాయల పటం ఎందుకు అచ్చు వేశారు?

సంధానకర్త: మంచి ప్రశ్న. రచయిత్రి గారికి ఇరవై సెకన్లు.

రచయిత్రి: ఆ పుస్తకమే తన చరిత్రను తుది మాటగా చెప్పుకోలేదు. అందులో...

విశ్లేషకుడు: తుది మాట కాకపోతే...

సంధానకర్త: చిన్న విరామం. తర్వాత మళ్లీ శశిరేఖ దగ్గరికి వద్దాం.