ఆరాధన అయ్యాక ఆర్డర్: ఫుడ్ డెలివరీ యాప్‌ను బైబిల్ వాక్యంతో తూచితే

(స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: సికింద్రాబాద్‌కు చెందిన ఒక సంఘ కాపరి, బిర్యానీ హోటల్ నడిపే నిర్వాహకురాలు, డెలివరీ రైడర్ల యూనియన్ ప్రతినిధి.)

సమన్వయకర్త: అందరికీ వందనాలు. ఆదివారం ఆరాధన ముగిసి గేటు దాటకముందే చాలామంది చేతిలో ఫోను ఉంటుంది, అందులో బిర్యానీ ఆర్డరు ఉంటుంది. ఆ యాప్‌ను విశ్వాసి ఏ కొలతతో చూడాలన్నది ఇవాళ్టి మాట. అయ్యగారూ, ముందు మీరే చెప్పండి. చాలామందికి వచ్చే మొదటి సందేహం, విగ్రహాలకు అర్పించినది వస్తుందేమో, తినొచ్చా అని.

కాపరి: దానికి కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయంలోనే జవాబుంది. అంగడిలో అమ్మేదాన్ని ఆరా తీయకుండా తినమన్నాడు పౌలు. ఇది అర్పించినది అని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. ఆ సంగతి అక్కడితో సరి. నన్ను కలవరపెట్టేది వేరే. మనం తిండి దగ్గరే ఆగిపోతున్నాం, తెచ్చినవాడి కూలి దాకా రావడం లేదు. ధర్మశాస్త్రమూ ప్రవక్తలూ యాకోబు పత్రికా గట్టిగా మాట్లాడింది కూలి గురించి, తూకం గురించి. అందుకే నేను మూడింటితో కొలుస్తాను: త్రాసు, కూలి, పిట్టగోడ.

సమన్వయకర్త: పిట్టగోడ సంగతి తర్వాత అడుగుతాను. త్రాసుతో మొదలుపెడదాం. మేడమ్, ఒక బిల్లు విప్పి చూపించండి.

హోటల్ నిర్వాహకురాలు: అంకెలు ఉదాహరణకే, లెక్క మాత్రం అసలుదే. కౌంటర్ దగ్గర 240 రూపాయలకు అమ్మే బిర్యానీ అనుకోండి. యాప్ కమీషన్ ఒప్పందాన్ని బట్టి 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది, మనం 25 వేసుకుందాం. ఆ కమీషన్ మీద 18 శాతం జీఎస్టీ. 5 శాతం పద్ధతిలో ఉన్న హోటల్‌కి ఆ 18 శాతం తిరిగి రాదు, ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకునే వీలు, ఉండదు కాబట్టి. అంటే వంద రూపాయల్లో 29 రూపాయల 50 పైసలు పోతాయి. కౌంటర్లో వచ్చే 240 చేతికి రావాలంటే యాప్‌లో 340 పెట్టాలి. 340లో కమీషన్ 85, దాని మీద పన్ను 15 రూపాయల 30 పైసలు. మిగిలేది 239 రూపాయల 70 పైసలు.

సమన్వయకర్త: మరి తినేవాళ్లకి?

హోటల్ నిర్వాహకురాలు: 340, ప్యాకింగ్ 20, ఆ 360 మీద 5 శాతం జీఎస్టీ 18. మొత్తం 378. డెలివరీ ఫీజు 35, ప్లాట్‌ఫారం ఫీజు 15 అనుకుంటే, రెండింటి మీదా 18 శాతం పన్ను కలిపి 59. మొత్తం 437. అదే బిర్యానీ హోటల్‌కి వచ్చి తీసుకెళ్తే పన్నుతో 252. తేడా 185 రూపాయలు. ఈ ప్లాట్‌ఫారం ఫీజు 2023లో రెండు రూపాయలతో మొదలైంది. రెండే కదా అని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

కాపరి: ఎక్కువ తీసుకోవడమే పాపమని నేను అనను. ఇంటికి తెచ్చిపెట్టే సేవకు ఖరీదు ఉంటుంది. సామెతల గ్రంథం 11వ అధ్యాయం హేయమన్నది దొంగత్రాసును. దొంగత్రాసు అంటే తూచేవాడికి తెలిసినది కొనేవాడికి కనబడకపోవడం. మొదట ఒక ధర చూపించి, చివరి తెరకు వచ్చేసరికి ఒక్కొక్కటీ తగిలిస్తే అది త్రాసు కింద వేలు పెట్టడమే.

యూనియన్ ప్రతినిధి: దానికి చట్టం గూడ ఉన్నది అయ్యగారూ. 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ డార్క్ ప్యాటర్న్స్, అంటే కొనేటోన్ని బోల్తా కొట్టించే యాప్ ఎత్తుగడల, మీద మార్గదర్శకాలు తెచ్చింది, 13 రకాలు చెప్పింది. ధరను ముక్కలు ముక్కలుగ బయటపెట్టుడు అండ్ల ఉన్నది. అడగకుండ బుట్టల ఏదన్న ఏసుడు, విరాళమైన సరే, అదీ ఉన్నది.

కాపరి: ఆ విరాళం టిక్కు నాకు బాగా నొప్పి. కొరింథీయులకు రెండో పత్రిక 9వ అధ్యాయం ప్రకారం ఇవ్వడమంటే హృదయంలో నిశ్చయించుకుని ఇవ్వాలి, బలవంతంగా కాదు. ముందే పెట్టిన టిక్కు చూడకుండా ఇచ్చిన మూడు రూపాయలు కానుక ఎట్లా అవుతాయి? చివరి తెర మీద ప్రతి వరుసా చదవండి. టిక్కు ఉంటే తీసేసి, ఇవ్వాలనిపిస్తే మీరే మళ్లీ పెట్టండి.

హోటల్ నిర్వాహకురాలు: త్రాసు హోటళ్ల వైపూ ఉంది, అదీ చెప్పాలి. ఒకే వంటగది నాలుగు పేర్లతో యాప్‌లో కనబడుతుంది. ఒక పేరుకి రేటింగ్ పడిపోతే ఇంకో పేరు. తెలుసుకోవడం తేలిక. హోటల్ పేజీ అడుగున 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అంటే ఆహార భద్రత లైసెన్సు నంబరు, ఉంటుంది. రెండు పేర్ల కింద అదే నంబరు ఉంటే వంటగది ఒకటే. అనేక పేర్లు పెట్టుకోవడం తప్పు కాదు, చెడ్డపేరు దాచడానికి పెట్టుకుంటేనే తప్పు.

సమన్వయకర్త: ఇక కూలి. అన్నా, రైడర్ లెక్క చెప్పండి.

యూనియన్ ప్రతినిధి: హోటల్ దాక 2 కిలోమీటర్లు, ఆడికెల్లి కస్టమర్ ఇంటికి 4, మళ్ల ఆర్డర్లు పడే జాగకు తిరిగి వచ్చుడు 3. మొత్తం 9. తిరిగి వచ్చే మూడు సాధారణంగ లెక్కలకు రావు. పెట్రోల్ లీటరుకు 107 అనుకుందాం, ట్రాఫిక్‌ల బండి 45 ఇస్తదనుకుందాం. తొమ్మిది కిలోమీటర్లకు 21 రూపాయల పైన. ఆయిల్, టైర్లు, చైన్ సెట్, బ్రేకులకు కిలోమీటరుకు రూపాయి పెట్టుకుంటే ఇంకో 9. ఆ ఆర్డర్‌కు 40 రూపాయలు పడితే మిగిలేది పది. హోటల్ కాడ పావుగంట నిలవడితె మొత్తం 40 నిమిషాలు దాటుతది. అందుకే ఇన్సెంటివ్ మీదనే బతుకు. ఇన్ని ఆర్డర్లు, ఇన్ని గంటలు లాగిన్, ఆర్డర్ కాదనొద్దు, అన్నీ నిండాలె. ఒక్కటి తక్కువైతే ఆ స్లాబ్ మొత్తం పోతది.

కాపరి: మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట యజమాని సాయంత్రం వేళ సంతవీధికి వెళ్తే ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. ఎందుకు ఊరికే నిలుచున్నారంటే, మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదన్నారు. ఆ ఉపమానం పరలోక రాజ్యం గురించి, దాన్ని వేతన చట్టంగా చదవకూడదు. కానీ ఆ యజమాని చూపు గమనించండి. నిలబడిన గంటలు ఆయన కంటికి కనబడ్డాయి. ఇంటికి ఒక దేనారం, అంటే ఆ రోజు కూలి, లేకుండా వెళ్తే పిల్లలు పస్తుంటారని తెలుసు. యాప్ కంటికి ఆ నిలబడటం కనబడదు, ఆర్డరు పడితేనే మనిషి ఉన్నట్టు. నా తూకంలో యాప్ బాగా తేలిపోయేది ఇక్కడే.

హోటల్ నిర్వాహకురాలు: ఆ పావుగంటలో మా వంతు ఉంది. 'ఫుడ్ రెడీ' అని ముందే నొక్కేస్తారు, ఆలస్యం లెక్క తమ మీద పడకూడదని. రైడర్ వచ్చి చూస్తే హండీ ఇంకా దమ్ మీదే ఉంటుంది. ఆదివారం ఒంటిగంటకు ఒక హండీ అయిపోయి రెండోది తెరిచే మధ్యలోనే అసలు ఇబ్బంది. దానికి మందు ఉంది. రద్దీ గంటల్లో తయారీ సమయాన్ని యాప్‌లో పది, పదిహేను నిమిషాలు పెంచి పెట్టాలి. రెండో హండీని పన్నెండుకే దమ్‌కి ఎక్కించాలి. పార్సిల్ కౌంటర్ పక్కన బెంచీ, మంచినీళ్లు, బాత్రూం తాళం అందుబాటులో ఉండాలి. దీనికి యాప్ అనుమతి అక్కర్లేదు.

సమన్వయకర్త: రైడర్‌ను యాప్‌లోంచి ఆపేసే ఐడీ బ్లాక్ గురించి కూడా చెప్పండన్నా.

యూనియన్ ప్రతినిధి: కస్టమర్ 'నాకు రాలేదు' అని కొట్టిండనుకో, రైడర్ మాట సరిగ్గ వినకుండనే ఐడీ ఆగిపోతది. చాట్‌ల మాట్లాడేది మిషిని. కర్ణాటక 2025ల చేసిన చట్టం, పని నుంచి తీసేసే ముందు కారణం రాసి 14 రోజుల నోటీసు ఇయ్యాలె అన్నది. దేశంల అందరికన్న ముందు రాజస్థాన్ 2023ల గిగ్ కార్మికుల, అంటే మా లెక్క యాప్‌ల మీద పనిచేసేటోళ్ల, చట్టం చేసింది. కేంద్రం సామాజిక భద్రత కోడ్ 2020దే అయినా 2025 నవంబర్ 21 నుంచే అమలు. కంపెనీలు ఏడాది టర్నోవర్‌ల 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి కట్టాలె, రైడర్లకు ఇచ్చే సొమ్ముల 5 శాతం దాటకుండ.

కాపరి: యోహాను సువార్త 7వ అధ్యాయంలో యేసు విషయమై నీకొదేము అనే పరిసయ్యుడు అడిగిన ప్రశ్న ఇదే. మనిషి మాట వినకుండా, వాడు చేసింది తెలుసుకోకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అని. ఇక్కడ విశ్వాసులకు ఒక మాట చెప్పాలి. పార్సిల్ అందినా అందలేదని నొక్కి రీఫండ్ తీసుకోవడం తొమ్మిదో ఆజ్ఞ మీరడమే. అది కంపెనీకి పోయే వంద రూపాయలు కాదు, ఎదుటివాడి మీద అబద్ధ సాక్ష్యం.

హోటల్ నిర్వాహకురాలు: ఆ రీఫండ్ చాలాసార్లు మా సెటిల్‌మెంట్‌లోంచే కోస్తారు.

సమన్వయకర్త: ఇప్పుడు పిట్టగోడ.

కాపరి: ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం. కొత్త ఇల్లు కడితే పైకప్పుకు చుట్టూ పిట్టగోడ కట్టించాలి, ఎవడైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి వస్తుంది. పడినవాడు చూసుకోవాల్సింది అనడానికి లేదు, కట్టినవాడే ముందు ఆలోచించాలి. వేగాన్ని అమ్మే యాప్‌కు ఈ వచనం అచ్చంగా అతుకుతుంది. సమయం దాటితే రైడర్‌కు జరిమానా లేదంటారు. కానీ తెరమీద గడియారం తిరుగుతుంటే, రేటింగ్ దాన్ని బట్టి ఉంటే, వాడు సిగ్నల్ దగ్గర ఆగుతాడా?

యూనియన్ ప్రతినిధి: 2025ల క్రిస్మస్ నాడు, మళ్ల డిసెంబర్ 31న, సంఘాలు సమ్మె పిలుపు ఇచ్చినయి. పది నిమిషాల డెలివరీ ఆపాలన్నది అండ్ల పెద్ద డిమాండ్. 2026 జనవరిల కార్మిక శాఖ కంపెనీలతోని మాట్లాడినంక సరుకులు తెచ్చిచ్చే బ్లింకిట్ యాప్ ఆ పది నిమిషాల మాట తీసేసింది. మాట తీసిండ్రు, మంచిదే. దూరం, దారి, వాన చూసి టైమ్ లెక్క గట్టాలె, అది గావాలె మాకు. ఇంకోటి, రెండు ఆర్డర్లు కలిపి ఇస్తరు. మొదటి ఇంట్ల లిఫ్ట్ కోసం పది నిమిషాలు పోతే రెండో ఇంట్ల తిండి సల్లగైతది, తక్కువ స్టార్లు పడేది రైడర్‌కే.

సమన్వయకర్త: అయితే ఆదివారం ఆర్డర్ చేయొచ్చా, వద్దా? దీని మీద ముగ్గురికీ ఒక మాట లేదని ముందే తెలిసింది.

కాపరి: నాలుగో ఆజ్ఞ నాకు మాత్రమే విశ్రాంతి ఇవ్వలేదు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయం, నీ దాసుడూ దాసీ నీలాగే విశ్రమించాలి అంటుంది. ఎద్దునూ గాడిదనూ కూడా చేర్చింది. నేను విశ్రమించడానికి ఇంకొకడిని ఎండలో తిప్పితే, ఆ ఆజ్ఞలో సగమే పాటించినట్టు. శనివారం రాత్రే వండిపెట్టుకోండి అంటాను.

యూనియన్ ప్రతినిధి: మీ మాట మీద గౌరవంతోనే అంటున్న, ఆదివారం ఆర్డర్ మానితే విశ్రాంతి దొరకది, ఖాళీగ నిలవడుడే దొరుకుతది. వారం మొత్తంల గిరాకీ ఉండేది శని, ఆదివారాలు. ఆ రెండు రోజులు లాగిన్ కాకపోతే వారం ఇన్సెంటివ్ పోయే పద్ధతులున్నయి. మావోళ్లకు గావాల్సింది, వారంల తనకు నచ్చిన ఒక రోజు లాగిన్ కాకున్నా ఇన్సెంటివ్ పోవద్దు.

కాపరి: అది నేను ఒప్పుకుంటాను. ఆ అడిగేది విశ్రాంతి దినం అర్థానికి నా సలహా కంటే దగ్గరగా ఉంది. అయినా నా ఇంటి భోజనం విషయంలో నా మాట మార్చుకోను.

హోటల్ నిర్వాహకురాలు: నడిమి దారి ఒకటుంది. ఆరాధన అయ్యాక ఆరు కుటుంబాలు ఆరు ఆర్డర్లు పెట్టే బదులు, దగ్గర్లోని హోటల్‌కి ఉదయం పదింటికే ఫోన్ చేసి చెప్పండి. ఒకరు వెళ్లి తీసుకురావచ్చు. ఇందాకటి 185 రూపాయల తేడా ఆరుసార్లు అంటే 1,110. ప్యాకింగ్ డబ్బాలు కూడా తగ్గుతాయి, స్టీలు గిన్నెలు తెస్తే హోటల్‌వాళ్లు అందులోనే వేసిస్తారు.

సమన్వయకర్త: ఇంటి నుంచి ఆర్డర్ చేసేవాళ్లకు?

యూనియన్ ప్రతినిధి: పిన్ సరిగ్గ గేటు మీద పెట్టున్రి. బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు, ఒక గుర్తు రాయున్రి. ఫోన్ ఎత్తున్రి. గేటు కాడ వాచ్‌మన్‌కు ముందే చెప్పున్రి. రైడర్‌ను సర్వీస్ లిఫ్ట్‌కు పంపే అపార్ట్‌మెంట్లల్ల సంఘం మీటింగ్‌ల ఆ రూల్ మీద మీరు లేచి అడగాలె. ఉప్పు తక్కువైతే హోటల్‌కు తక్కువ స్టార్లు ఇయ్యున్రి, రైడర్‌కు గాదు.

కాపరి: 2024 మార్చిలో జొమాటో శాకాహారానికి వేరే ఆకుపచ్చ దుస్తులు పెడతామని ప్రకటించి, విమర్శ రాగానే మరునాడే ఆ రంగు మార్పు వెనక్కి తీసుకుంది. కొన్ని కాలనీల్లో ఎర్ర చొక్కా వేసినవాణ్ని, మాంసం తెచ్చేవాడని, గేటు దగ్గరే ఆపేస్తారన్న భయం నిజమైనది. దేవుని స్వరూపంలో చేసిన మనిషిని చొక్కా రంగును బట్టి, చేతిలో ఉన్న డబ్బాను బట్టి వేరు చేయడం ఏ సంఘమూ ఊరకుండి చూడకూడదు.

సమన్వయకర్త: సంఘంగా ఏమైనా చేయొచ్చా?

కాపరి: చర్చిలు చాలా వరకు మెయిన్ రోడ్ల మీదే ఉన్నాయి. వారం రోజులూ గేటు మూసి ఉండే ఆవరణలో నీడ ఉంది, నీళ్లున్నాయి, బాత్రూంలున్నాయి. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా, ఆర్డర్లు తగ్గే వేళ, రైడర్ల కోసం తెరవొచ్చు. రెండు చార్జింగ్ ప్లగ్గులు, ఒక కుండ, నాలుగు బెంచీలు. ఆడవాళ్లూ ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి వాళ్లకు వేరే బాత్రూం తప్పకుండా ఉండాలి. ఎవరిది ఏ మతమని అడగొద్దు, చేతిలో కరపత్రం పెట్టొద్దు. రైడర్లుగా ఉన్న విశ్వాసుల కోసం తెల్లవారుజామున ఆరింటికి ఒక ఆరాధన పెడితే, ఎనిమిదికి లాగిన్ అవుతారు.

యూనియన్ ప్రతినిధి: దానికితోడు ఒక శనివారం కంప్యూటర్ ముందట కూసొని అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం పెట్టిన ఈ-శ్రమ్ పోర్టల్‌ల రైడర్ల పేర్లు ఎక్కించున్రి. పైసలు కట్టేది లేదు. ఆధార్, దానికి లింక్ ఉన్న ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా వివరాలు ఉంటే చాలు. ఎక్కువ ఆగిపోయేది ఫోన్ నంబరు కాడనే, పాత సిమ్‌కు ఆధార్ లింక్ అయి ఉంటది, ఓటీపీ రాదు. ముందుగాల ఆధార్ సెంటర్‌కు పోయి నంబరు మార్పించుకొని రమ్మని వారం ముందే చెప్పున్రి. రిజిస్టర్ చేసేటప్పుడు ప్లాట్‌ఫారం వర్కర్ అన్నదే ఎంచాలె. యాప్‌ల కనబడే రైడర్ ఐడీ స్క్రీన్‌షాట్, వారం వారం పేమెంట్ వచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసిపెట్టుకోవాలె. ఐడీ బ్లాక్ అయినంక యాప్ తెరుచుకోదు, అప్పుడు పని చేసిననని చూపెట్టనీకి ఆ కాయితాలే ఉంటయి.