చిరివేరు ఎరుపు

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద పరిచిన దుప్పటి మా అమ్మమ్మది. బందరు అద్దకం, అంటే కలంకారీ. అంచులు చిరిగాయి, తెలుపు కాస్త మాసింది, ఎరుపు మాత్రం అలాగే ఉంది. చిన్నప్పుడు అడిగితే, "అది వేరు రంగురా, పోదు" అనేది. కాలం మారితే మనుషులు, కళలు, నేల ఎలా మారతాయో చెప్పమని నన్ను పిలిచారు. అంశం చాలా పెద్దది. అందుకని ఈ ఒక్క ఎరుపు గురించే చెబుతాను.

అమ్మమ్మ చెప్పిన ఆ వేరు పేరు చిరివేరు. కోస్తా ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. పైకి చూస్తే గడ్డిలాగే ఉంటుంది, రంగంతా వేరు పైతోలులోనే. గవ్వలు, ఆలిచిప్పలు పొడై కలిసిన ఇసుకలో సున్నం ఎక్కువ. అలాంటి నేలలో పెరిగిన వేరు మంచి ఎరుపునిస్తుంది. కృష్ణా తీరపు ఇసుకకు ఆ గుణం ఉంది. అద్దకం బందరులో పుట్టి పెరగడానికి రేవు ఎంత కారణమో ఈ ఇసుక కూడా అంతే కారణం.

పని ఎలా జరిగేదో కాస్త వివరంగా చెప్పాలి. అది తెలియకపోతే మిగతాదంతా తేదీల జాబితాలా ఉంటుంది. కోరా గుడ్డను పేడ నీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండకు ఆరేసి తెలుపు చేస్తారు. తర్వాత కరక్కాయ, గేదెపాలు కలిపి అందులో ముంచుతారు. పాలలోని కొవ్వు ఉండబట్టే రంగు పక్కకు పాకదు. ఇనుప ముక్కలూ బెల్లమూ కుండలో పులియబెట్టిన నీళ్లతో గీత గీస్తే, కరక్కాయ తగిలి అది నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట మాత్రం పెట్టేది ఎరుపు కాదు, పటిక నీళ్లు. ఆ తర్వాత గుడ్డను పారే నీళ్లలో ఉతకాలి. అదనపు పటిక కొట్టుకుపోవాలి. నిలవ నీళ్లలో ఉతికితే ఆ పటికే తెల్లటి చోటుకు అంటుకుని మరక అవుతుంది. చివరికి వేరు వేసి మరిగిస్తారు. పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది.

అంటే ఈ కళకు చెయ్యి ఒక్కటే ఉంటే చాలదు. ఎండ కావాలి, ఇసుక కావాలి, గేదె కావాలి, పారే నీళ్లు కావాలి.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు కొఠీ పెట్టారు. ఇరాన్ వర్తకులు అంతకు ముందు నుంచే ఉన్నారు. కలంకారీ అనే పేరే పారసీ మాట, కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో కలంతోనే గీస్తారు, అక్కడి పెద్దవాళ్లు దీన్ని వ్రాతపని అనేవారు. నాకు ఆ పేరే ఎక్కువ ఇష్టం. బందరులో చెక్క అచ్చులతో అద్దుతారు. ఆ అచ్చుల మీద సైప్రస్ చెట్టు కనిపిస్తుంది. ఆ అచ్చు చెక్కినవాళ్లలో ఎక్కువమంది జీవితంలో ఆ చెట్టును చూసి ఉండరు. ఎవరో దూరదేశం మనిషి తన తోటను తలుచుకుంటే, అది ఇక్కడ టేకు చెక్క మీద పూసింది. ఇతరుల ఇష్టానికి తలొగ్గితే కళ చెడిపోతుందని కొందరంటారు. బందరు అద్దకాన్ని చూశాక నేను ఆ మాట ఒప్పుకోలేను.

యూరప్‌లో ఈ చీటిగుడ్డల మీద మోజు ఎంత పెరిగిందంటే, ప్రభుత్వాలు భయపడ్డాయి. 1686లో ఫ్రాన్స్ నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చింది. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్లు అద్దకం బట్టలు కట్టుకున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చింపారు. వాళ్ల కడుపు కాలింది కాబట్టి అలా చేశారు, తర్వాత మన నేతగాళ్లకూ అదే జరిగింది. 1700 నాటి చట్టంలో ఒక కిటుకు ఉంది. అద్దిన గుడ్డ రాకూడదు, తెల్ల గుడ్డ రావచ్చు. దాంతో అద్దకం పని అక్కడే పెరిగింది. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి జెస్యూట్ పాదిరీ మన అద్దకం పద్ధతిని వరసగా రాసి ఫ్రాన్స్‌కు ఉత్తరం పంపాడు. ఆయనకు తెలుగు వచ్చు. తన దగ్గర మతం పుచ్చుకున్న పనివాళ్ల నోటే ఆ వివరాలు రాబట్టాడు. ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. చెప్పినవాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

తర్వాత మిల్లు గుడ్డ వచ్చింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి బందరును ముంచేసింది, సుమారు 30 వేల మంది చనిపోయారు. కానీ మన ఎరుపును మార్చింది ఉప్పెన కాదు, ఒక ప్రయోగశాల. 1868–69లో జర్మనీ రసాయన శాస్త్రవేత్తలు గ్రేబ్, లీబర్‌మన్ అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశారు. చిరివేరులో ఎరుపునిచ్చే పదార్థం కూడా అలిజరినే. అంటే వాళ్లు చేసింది నకిలీ రంగు కాదు, అచ్చం అదే రంగు. అందుకే కొనేవాళ్లెవరూ తేడా పట్టుకోలేదు. కొన్నేళ్లలో డబ్బా రంగు వేరు కన్నా చవకైంది. ఇసుకలో వేళ్లు తవ్వేవాళ్లకూ, ఎండబెట్టి కట్టలు కట్టేవాళ్లకూ పని పోయింది.

కొన్నాళ్ల క్రితం ఈ దుప్పటిని బందరు పక్కనున్న పెడన తీసుకెళ్లి అద్దకం పెద్దాయన ఒకరికి చూపించాను. ఆయన చేత్తో తడిమి, "ఇది వేరు కాదు బాబూ, డబ్బా అలిజరిన్" అన్నారు. అమ్మమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమె కాలానికే వేరు పోయింది, మాట మాత్రం మిగిలింది. రంగు అలాగే ఉండి, దాని వెనకున్న లోకం మొత్తం మారిపోవచ్చని నాకు ఆ రోజు అర్థమైంది.

నీళ్ల సంగతికి వస్తాను. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక బందరు వైపు కాలవలు పారాయి. పెడనలో గుడ్డలు ఉతికేది ఆ కాలవ నీళ్లతోనే. ఒక మార్పు నేలను తవ్వి కళకు నీళ్లిచ్చింది. ఇప్పుడు అదే డెల్టాలో చేపల చెరువులు, రొయ్యల చెరువులు పరుచుకున్నాయి. వేసవిలో కాలవలు కట్టేస్తే ఉతుకుడూ ఆగుతుంది. శ్రీకాళహస్తిలో ఇంకా కష్టం. స్వర్ణముఖి వానాకాలపు నది. ఇసుక తవ్వకాలు, ఊళ్ల మురుగు కలిసి దాన్ని ఇంకా పాడు చేశాయి. బోరు నీళ్లలో ఇనుము ఎక్కువుంటే ఎరుపు నల్లబారుతుంది.

శ్రీకాళహస్తిలో ఈ పని దాదాపు ఆగిపోయే స్థితిలో ఉన్నప్పుడు, 1950ల్లో చేతిపనులను నిలబెట్టడానికి పనిచేసిన కమలాదేవి చట్టోపాధ్యాయ పూనుకుని శిక్షణ కేంద్రం పెట్టించారు. అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు మగవాళ్ల చేతిలో ఉన్న కలం ఇప్పుడు వందల మంది ఆడవాళ్ల చేతిలో ఉంది. నాకు ఇది చాలా సంతోషం కలిగించే మార్పు. గుడిలో కట్టే రామాయణం తెర, కింద తెలుగులో కథ రాసి ఉండేది, ఇప్పుడు చీర పమిట మీదికి వచ్చింది. కథ కాస్త కుదించుకుపోయింది, కానీ ఇల్లు గడుస్తోంది. దీన్ని తప్పు పట్టే హక్కు కొనేవాళ్లమైన మనకు లేదు.

నాకున్న కోపం వేరే. శిక్షణ ఇస్తున్నాం, భౌగోళిక గుర్తింపు ఇచ్చాం, ఎగ్జిబిషన్లు పెడుతున్నాం. కాలవ గురించి, నది గురించి మాట్లాడేటప్పుడు మాత్రం అద్దకం వాళ్లను పిలవం. అది ఇరిగేషన్ వాళ్ల పని అంటాం. గుడ్డ మీద పని చేసేవాళ్లకు మాత్రం అవి రెండు శాఖలు కావు.

ఇంకో చిన్న గుడ్డ కూడా తెచ్చాను. బజారులో కలంకారీ అని అమ్మిన స్క్రీన్ ప్రింట్. మాట్లాడటం అయిపోయింది కాబట్టి దగ్గరికి రండి, రెండూ తిప్పి వెనక వైపు చూడండి. ఒకదానిలో రంగు ఇవతలి వైపే ఆగిపోయింది. అమ్మమ్మ దుప్పటిలో అవతలి దాకా దిగింది.