పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేస్తే ఆ పిచ్చిగీతలేంటి?

[తెర మీద: శుభలేఖ పీడీఎఫ్. పక్కనే అందులోని వాక్యం వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే వచ్చిన కంగాళీ]

చూశారుగా. పీడీఎఫ్‌లో ముత్యాల్లాంటి తెలుగు. కాపీ చేసి వాట్సాప్‌లో వేస్తే డాలర్ గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు. వెంటనే పక్కనున్నాయన తీర్పు: "నీ ఫోన్‌లో తెలుగు లేదమ్మా, ఫాంట్ వేయించుకో." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నుంచీ అదే ఫోన్‌లో తెలుగు మెసేజ్‌లే కదండీ చదువుతోంది!

ఒకసారి వంటింట్లోకి రండి. బోర్నవిటా డబ్బాలో కారం, హార్లిక్స్ సీసాలో కందిపప్పు. అమ్మకి ఏ ఇబ్బందీ లేదు, ఎందులో ఏముందో ఆవిడకి తెలుసు. కానీ ఇంటికొచ్చిన చుట్టం డబ్బా మీద పేరు చూసి పాలల్లో రెండు చెంచాలు కలుపుకున్నాడనుకోండి... అంతే సంగతులు.

కంప్యూటర్ అక్షరాన్ని నంబరుగా దాస్తుంది. ఇంగ్లీషు పెద్ద ఏ అంటే 65. పాతకాలం ఫాంట్లలో ఉండేవి మహా అయితే 256 నంబర్లు, అంటే 256 డబ్బాలు, వాటి మీద పేర్లన్నీ ఇంగ్లీషు, యూరప్ అక్షరాలవే. అను లాంటి ఫాంట్లు చేసినవాళ్లు ఆ డబ్బాల్లోనే మన తలకట్లు, గుడులు, వత్తులు ముక్కలుముక్కలుగా సర్దేశారు. తెలివైన పనే, నేను తప్పు పట్టను. ప్రెస్సుల్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌కి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ అందరూ ఒప్పుకున్న ఒకే నంబర్ల పద్ధతి) తెలియదు, ప్రెస్సుల్లో పని ఆగకూడదు, మరేం చేస్తారు?

పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉంటుంది. అంటే అమ్మ వంటింట్లోనే ఉంది, అందుకే తెర మీద కారం కారంలాగే కనిపిస్తుంది. మీరు కాపీ కొట్టినప్పుడు మాత్రం అమ్మ రాదు. డబ్బాల మీది పేర్లే వస్తాయి. ఫాంట్ వేయించుకోమనడమంటే చుట్టాలందరి ఇళ్లకీ మీ అమ్మని పంపించమనడం! పైగా ఇంటికో పద్ధతి: అను 6లో ఒక సర్దుడు, అను 7లో ఇంకో సర్దుడు. 2000ల మొదట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఒక్కో పేపరుకి ఒక్కో ఫాంట్ దించుకోవాల్సి వచ్చేది.

యూనికోడ్ చేసిందల్లా డబ్బాలకి సరైన పేర్లు రాయడం. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగుకి 3072 నుంచి 3199 దాకా, 128 చోట్లు ఇచ్చారు. క అంటే 3093. మీ ఇంట్లో, మా ఇంట్లో, అమెరికాలో మీ బాబాయి ఇంట్లో కూడా. విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంట్ వచ్చేసింది, అది 2001. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం చదవాల్సిన నోటిఫికేషన్‌ని పాత ఫాంట్‌లో కొట్టి వెబ్‌సైట్‌లో పెడితే ఏమనాలి? వెతికితే దొరకదు, ఎందుకంటే సెర్చ్ చదివేదీ పేరే. చూపు లేనివాళ్లకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా అంతే. కారాన్ని బోర్నవిటా అనే చదువుతుంది.

అన్నట్టు, అక్షరాల బదులు ఖాళీ చతురస్రాలు కనిపిస్తే అది వేరే రోగం. పేరు సరిగ్గానే ఉంది, సరుకే ఇంట్లో లేదు. ఫాంట్ వేయించుకోవాల్సింది అప్పుడు.

[తెర మీద: క + ్ + ష = క్ష]

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. యూనికోడ్‌లో కొట్టిన పీడీఎఫ్ కూడా ఒక్కోసారి వత్తులు మింగేస్తుంది. క్ష అంటే మూడు నంబర్లు: క, పొల్లు, ష. పీడీఎఫ్ దాచేది మాత్రం ఆ మూడూ కలిసిన బొమ్మని. ఏ బొమ్మ ఏ అక్షరాలదో చెప్పే పట్టిక ఫైల్‌లో సరిగ్గా లేకపోతే కాపీ చెడుతుంది.

మరి ఏం చేయాలి? అను అయితే ఆన్‌లైన్ కన్వర్టర్లున్నాయి, వెర్షన్ సరిగ్గా ఎంచుకోండి, మార్చాక వత్తులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఏదీ కుదరకపోతే పీడీఎఫ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి, ఆ బొమ్మని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, బొమ్మ చూసి అక్షరాలు గుర్తుపడుతుంది, తెలుగు బాగానే వస్తుంది. డీటీపీ చేసే అన్నలూ, ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుంటే యూనికోడ్ తెలుగు శుభ్రంగా కూర్చుంటుంది. ఆ సెట్టింగ్ ఎక్కడుందో కింద కామెంట్‌లో పిన్ చేస్తా.