కొళాయి నీళ్లలో క్లోరోఫాం: ఎక్కడ పుడుతుంది, ఎక్కడ ఆపాలి

(విజయవాడలో నీటి సరఫరా సిబ్బంది, అపార్ట్‌మెంట్ సంఘాల బాధ్యుల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ ప్రసంగం విని ఎవరూ ట్యాంకులో బ్లీచింగ్ వేయడం మానకూడదు. అందుకే ఆ సంగతి ముందే చెబుతున్నాను. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట చుట్టుపక్కల తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలింది, మనుషులు చనిపోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్ల సంపులు వరద నీటిలో మునిగాయి. అటువంటి రోజున మనల్ని కాపాడేది క్లోరినే. క్రిములు ఒకటి రెండు రోజుల్లోనే మనిషిని పడగొడతాయి. క్లోరిన్ వల్ల నీళ్లలో పుట్టే క్లోరోఫాం లాంటి రసాయనాల, అంటే ఉపఉత్పత్తుల ప్రమాదం ఏళ్ల తరబడి తాగితే వచ్చేది. వీటికి భయపడి క్లోరిన్ ఆపేయడమంటే ఎలుకలకు భయపడి ఇల్లు తగలబెట్టుకోవడమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు కూడా, ఉపఉత్పత్తులను తగ్గించే ప్రయత్నంలో క్రిమిసంహారం దెబ్బతినకూడదనే చెబుతున్నాయి.

అయితే క్లోరిన్‌ను అలాగే ఉంచి ఉపఉత్పత్తులను బాగా తగ్గించవచ్చు. ఈ రోజు విషయం అదే.

1974లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసే రసాయన శాస్త్రవేత్త యోహానెస్ రూక్ ఒక సంగతి బయటపెట్టాడు. నదిలో లేని క్లోరోఫాం, క్లోరిన్ కలిపాక నీళ్లలో కనిపిస్తోంది. అంటే అది ఎక్కడినుంచో వచ్చి కలవడం లేదు, శుద్ధి చేసే చోటే పుడుతోంది. కుళ్లిన ఆకులు, గడ్డి, నాచు నుంచి నీళ్లలో కరిగే సేంద్రియ పదార్థం ఉంటుంది. టీ డికాషన్ లాంటి లేత రంగు దానిదే. క్లోరిన్ క్రిములను చంపుతూనే ఈ పదార్థాన్ని కూడా పట్టుకుంటుంది. అలా పుట్టేవాటిలో మొదటి కుటుంబం ట్రైహాలోమీథేన్లు. వాటిలో నాలుగు ముఖ్యం: క్లోరోఫాం, బ్రోమోడైక్లోరోమీథేన్, డైబ్రోమోక్లోరోమీథేన్, బ్రోమోఫాం. రెండో కుటుంబం హాలోఅసిటిక్ ఆమ్లాలు. ఇంకా వందలాది రకాలున్నాయి కానీ, సాధారణంగా కొలిచేదీ హద్దులు పెట్టిందీ ఎక్కువగా వీటికే.

క్లోరోఫాంను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవి’ అనే 2బి వర్గంలో పెట్టింది. ఈ ఉపఉత్పత్తులు ఎక్కువగా ఉన్న నీళ్లను దశాబ్దాల పాటు వాడిన జనంలో మూత్రాశయ క్యాన్సర్‌తో సంబంధం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. ఒక గ్లాసు తాగితే ఏమీ కాదు. రోజూ, జీవితాంతం తాగే నీళ్లు గనుకే హద్దు కావాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు పెట్టిన హద్దులివి: క్లోరోఫాం 300 మైక్రోగ్రాములు, బ్రోమోడైక్లోరోమీథేన్ 60, డైబ్రోమోక్లోరోమీథేన్ 100, బ్రోమోఫాం 100. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500లో క్లోరోఫాం హద్దు ఇంకా తక్కువ, 200. అమెరికాలో నాలుగూ కలిపి 80 దాటకూడదు. ల్యాబ్ రిపోర్టు చదివేటప్పుడు చాలామంది ఒక్కో అంకెను ఒక్కో హద్దుతో పోల్చి, అన్నీ లోపలే ఉన్నాయి కదా అని పక్కన పెట్టేస్తారు. అది చాలదు. ఒక్కొక్కదాన్ని దాని హద్దుతో భాగించి, వచ్చినవన్నీ కూడాలి. మొత్తం 1 దాటకూడదు. ఉదాహరణకు రిపోర్టులో క్లోరోఫాం 120, బ్రోమోడైక్లోరో 24, డైబ్రోమోక్లోరో 20, బ్రోమోఫాం 10 ఉన్నాయనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులతో భాగిస్తే 0.4, 0.4, 0.2, 0.1. మొత్తం 1.1. విడివిడిగా ఒక్కటీ హద్దు దాటలేదు, కలిపి చూస్తే దాటింది.

మన ప్రాంతంలో ఇవి ఎప్పుడు ఎక్కువవుతాయో ఊహించడం కష్టం కాదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైకప్పు మీద నల్ల ట్యాంకులో నీళ్లు కాగుతాయి. వేడి పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. పైగా వేడికి క్లోరిన్ త్వరగా ఇంకిపోతుంది, సిబ్బంది మోతాదు పెంచుతారు. కృష్ణ నీళ్లు కొంచెం క్షారగుణంతో, పీహెచ్ 8 దగ్గర ఉంటాయి. పీహెచ్ పెరిగితే ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి. నీళ్లలో ఫ్రీ క్లోరిన్, అంటే దేనితోనూ కలవని క్లోరిన్ మిగిలి ఉన్నంతసేపూ అవి పుడుతూనే ఉంటాయి. అందుకే శుద్ధి కేంద్రం గేటు దగ్గర తీసిన నమూనా కంటే శివారు కాలనీ చివరి కొళాయి నమూనాలో ఎక్కువ కనిపిస్తాయి. ఇక వర్షాకాలం మొదట్లో ఎగువ నుంచి వచ్చే కొత్త నీరు మడ్డితో పాటు కరిగిన సేంద్రియాన్ని కూడా మోసుకొస్తుంది.

తీర ప్రాంతంలో మరో చిక్కుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. ఉప్పునీరు చొరబడిన బోర్లలోకి ఆ బ్రోమైడ్ వస్తుంది. దానంతట అది ప్రమాదం కాదు. క్లోరిన్ తగిలితే మాత్రం అది చురుకైన బ్రోమిన్‌గా మారి, క్లోరిన్ కంటే వేగంగా సేంద్రియాన్ని పట్టుకుంటుంది. బ్రోమిన్ ఉన్న ఉపఉత్పత్తులు సాధారణంగా ఎక్కువ హానికరం. అందుకే కృష్ణ నీళ్లలో ఉప్పు బోరు నీళ్లు కలిపి క్లోరిన్ వేసే చోట ఇంకాస్త జాగ్రత్త కావాలి.

ఇప్పుడు ఆపే పని. అసలు సూత్రం ఒక్కటే: క్లోరిన్ తగిలేలోపే సేంద్రియాన్ని తీసేయాలి.

శుద్ధి కేంద్రంలో పచ్చి నీటికే క్లోరిన్ పెట్టే అలవాటుంది. నాచు పట్టకుండా, వాసన రాకుండా అలా చేస్తారు. అవసరం అర్థమవుతుంది. కానీ నదిలోని సేంద్రియమంతా అప్పటికి నీళ్లలోనే ఉంది, ఉపఉత్పత్తులు ఎక్కువగా పుట్టేది ఆ ఘట్టంలోనే. వీలైనంత వరకు క్లోరిన్‌ను ఫిల్టర్ తర్వాతికి జరపాలి. ముందు తప్పదనుకున్న నెలల్లో కూడా, నాచును అదుపులో ఉంచే కనీస మోతాదుకే పరిమితం చేయాలి.

ఆ ముందు పని చేసేది పటిక. ఎంత పటిక వేయాలో ఈ పరీక్షతో తేల్చుకోవాలి. ఒక లీటరు నీళ్లలో 10 గ్రాముల పటిక కరిగించండి. ఆ ద్రావణం ఒక మిల్లీలీటరును ఒక లీటరు పచ్చి నీటికి కలిపితే 10 మిల్లీగ్రాముల మోతాదు. ఒక్కో లీటరు పచ్చి నీరున్న ఆరు బీకర్లలో 1 నుంచి 6 మిల్లీలీటర్ల వరకు వేసి, నిమిషానికి 100 చుట్ల వేగంతో ఒక నిమిషం, ఆపై 30 చుట్లతో 20 నిమిషాలు తిప్పి, అరగంట తేరనివ్వండి. ఇక్కడి దాకా ఆపరేటర్లందరికీ తెలుసు. తేడా వచ్చేది తర్వాతే. కంటికి తేటగా కనిపించిన మొదటి బీకరు దగ్గర ఆగిపోతారు. మడ్డి దిగడం వేరు, కరిగిన సేంద్రియం దిగడం వేరు. తేరిన నీటిని వడగట్టి 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఎంత పీల్చుకుంటుందో చూడండి. ఈ రీడింగు సేంద్రియానికి మంచి గుర్తు, పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. తరచుగా మడ్డికి చాలిన మోతాదు కంటే కాస్త ఎక్కువ పటిక దగ్గర ఈ రీడింగు బాగా పడిపోతుంది. పీహెచ్ 6 నుంచి 6.5 మధ్యకు దిగితే పటిక సేంద్రియాన్ని ఇంకా బాగా లాగుతుంది, కానీ క్షారత ఎక్కువున్న నీళ్లలో అంత దింపడానికి ఖర్చవుతుంది. సున్నం వేసే వరస కూడా చూడండి. పైపులు తుప్పు పట్టకుండా సున్నం వేయాల్సి వస్తే, క్లోరిన్‌తో అరగంట సంపర్కం పూర్తయ్యాక వేయడం మేలు. ముందే వేస్తే పీహెచ్ పెరిగి క్రిములను చంపే శక్తి తగ్గుతుంది, ట్రైహాలోమీథేన్లు పెరుగుతాయి.

డెల్టా గ్రామాల సంగతి విడిగా చెప్పాలి. కాలువలు కట్టేసేలోపు మంచినీటి చెరువులు నింపుకుని వేసవంతా అవే వాడే ఊళ్లున్నాయి. కదలని నీరు, ఎండ, నాచు. కొన్నిచోట్ల చెరువులోనే బ్లీచింగ్ చల్లుతారు, లేదా స్లో శాండ్ ఫిల్టర్‌లోకి వెళ్లే నీటికి కలుపుతారు. ఇది రెండు విధాల నష్టం. ఆ ఇసుక మీద పేరుకునే జీవపు పొరే క్రిములను, కొంత సేంద్రియాన్ని తినేది. క్లోరిన్ తగిలితే ఆ పొర చచ్చిపోతుంది, ఫిల్టర్ ఉత్త ఇసుక తొట్టిగా మిగులుతుంది. ఆ పైన నాచుతో క్లోరిన్ కలిసి మనం వద్దనుకున్నవన్నీ పుడతాయి. బ్లీచింగ్ ఫిల్టర్ దాటిన నీటికే వేయాలి.

అపార్ట్‌మెంట్ల దగ్గరకు వద్దాం. వాచ్‌మన్ అందాజాగా దోసిలితో వేయడం మానాలి, తూకం వాడాలి. నిల్వ ఉన్న బ్లీచింగ్‌లో క్లోరిన్ 25 శాతం అనుకుంటే, 10 వేల లీటర్ల సంపుకు లీటరుకు 1 మిల్లీగ్రాము చొప్పున 40 గ్రాముల పొడి పడుతుంది. ప్లాస్టిక్ బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, అరగంట తేరనిచ్చి, పై తేట మాత్రమే పోయాలి. మళ్లీ అరగంట ఆగి, క్లోరిన్ కొలిచే డీపీడీ మాత్రతో చూస్తే లేత గులాబీ రంగు రావాలి. ఫ్రీ క్లోరిన్ లీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉంటే చాలు, అతిసారం భయం ఉన్నప్పుడు 0.5. మున్సిపల్ నీళ్లలో అప్పటికే అంత ఉంటే మళ్లీ వేయనక్కర్లేదు, కనుక ముందు కొలవాలి. క్లోరిన్ పరీక్షకు వాడే పాత ఆర్థోటొలిడిన్ ద్రావణం ఉంటే పక్కన పెట్టండి, దానికే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉంది.

ఎంత వేసినా క్లోరిన్ నిలవకపోతే మోతాదు పెంచుకుంటూ పోవడం తప్పు. ఏదో దాన్ని తింటోంది. అడుగున ఒండ్రు ఉండొచ్చు, అంతకంటే ప్రమాదంగా పక్కనున్న మురుగు లోపలికి ఊరుతూ ఉండొచ్చు. మురుగులోని అమ్మోనియా, అందులోని నైట్రోజన్ ఒక్కో మిల్లీగ్రాముకు ఎనిమిది నుంచి పది మిల్లీగ్రాముల క్లోరిన్ తినేస్తుంది. అప్పుడు కావాల్సింది మేస్త్రీ, బ్లీచింగ్ సంచి కాదు. వరదలో మునిగిన సంపును ఒండ్రు తోడి, గోడలు రుద్ది, లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్‌తో, అంటే 10 వేల లీటర్లకు 2 కిలోల పొడితో, 24 గంటలు ఉంచాలి. ఆ నీళ్లు తాగేవి కావు, మొత్తం వదిలేయాలి.

క్లోరిన్ బదులు వేరేది వాడితే ఈ బాధ పోతుందా అని అడుగుతారు. క్లోరమైన్‌తో ట్రైహాలోమీథేన్లు తగ్గుతాయి గానీ ఎన్‌డీఎంఏ అనే మరో హానికర రసాయనం పుట్టవచ్చు. క్లోరిన్ డయాక్సైడ్‌తో క్లోరైట్ అనే ఉపఉత్పత్తి మిగులుతుంది. మంచినీళ్ల టిన్నుల ప్లాంట్లలో వాడే ఓజోన్, నీళ్లలో బ్రోమైడ్ ఉంటే దాన్ని బ్రోమేట్‌గా మారుస్తుంది. దాని హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములే. ఆర్వో సరిగా పనిచేస్తే బ్రోమైడ్ చాలావరకు పోతుంది. కానీ రుచి కోసం టీడీఎస్ వాల్వు తిప్పి పచ్చి బోరు నీళ్లు కలిపి, ఆపై ఓజోన్ పెడితే తీసేసిన బ్రోమైడ్‌ను మనమే తిరిగి తెచ్చుకున్నట్టు. ఓజోన్ పెట్టే ప్లాంటువారిని ఈ వాల్వు గురించి తప్పక అడగండి.

హైపో, అంటే ద్రవ రూపంలోని సోడియం హైపోక్లోరైట్ డ్రమ్ములు వాడేవారు వాటిని ఎండలో ఉంచొద్దు. వేడికి హైపో విడిపోయి క్లోరేట్ అనే హానికర ఉపఉత్పత్తి పుడుతుంది. 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం సుమారు మూడింతలవుతుంది. బలం పోయిందని రెట్టింపు పోస్తే క్లోరేట్ కూడా రెట్టింపు పోసినట్టే. నీడలో, తక్కువ నిల్వతో, వచ్చిన తేదీ రాసి, పాతది ముందు వాడండి.

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. మూత తీసి, కిటికీ తెరిచి నీళ్లు కొన్ని నిమిషాలు మరిగిస్తే క్లోరోఫాం చాలావరకు ఎగిరిపోతుంది, అది 61 డిగ్రీలకే మరుగుతుంది. హాలోఅసిటిక్ ఆమ్లాలు మాత్రం అలా పోవు. యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ రెంటినీ పట్టుకుంటుంది, కార్ట్రిడ్జ్ నిండేదాకా. ఆ తర్వాత వదిలేస్తుంది, పైగా క్లోరిన్ లేని ఆ తడిలో బ్యాక్టీరియా పెరుగుతుంది. గడువుకు మార్చాల్సిందే. మూసిన బాత్‌రూమ్‌లో వేన్నీళ్ల స్నానం చేసేటప్పుడు క్లోరోఫాం ఆవిరిగా ఊపిరిలోకీ పోతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి.

చివరగా నమూనా. ట్రైహాలోమీథేన్లకు 40 మిల్లీలీటర్ల గాజు సీసా కావాలి. క్లోరిన్‌ను ఆపడానికి ల్యాబ్ వారు అందులో ముందే వేసిచ్చే పొడిని కడిగేయకండి. లేకపోతే సీసాలోనే చర్య సాగి అంకె పెరుగుతుంది. కొళాయి ఐదు నిమిషాలు వదిలి, సన్నటి ధారతో అంచు ఉబ్బేదాకా నింపి, మూత బిగించి, తలకిందులు చేసి తట్టి చూడండి. గాలి బుడగ కనిపిస్తే మళ్లీ తీయాలి, క్లోరోఫాం ఆవిరిగా ఆ బుడగలోకి వెళ్లిపోతుంది. సీసాను ఐస్ పెట్టెలో పెట్టి పంపండి. నమూనా మీ పైపు లైన్లో చివరి ఇంటి నుంచి తీయండి, మే నెలలో ఒకసారి, కొత్త నీరు వచ్చిన వారంలో ఒకసారి. ట్యాంకు కడిగిన మర్నాడు మాత్రం తీయకండి.