10/22కి లావు బ్యారెల్: ఇంట్లో మార్చుకోవచ్చా? మార్చితే ఏమొస్తుంది?

నమస్తే అండీ. విషయం ముందే చెప్పేస్తాను, ఓపికున్నవాళ్ళు చివరిదాకా చూడండి. రూగర్ 10/22 రైఫిల్‌కి బ్యారెల్ (గుండు బయటికి దూసుకొచ్చే గొట్టం) మార్చడం ఇంట్లో చేసుకోగలిగిన పనే. బిగించడం సులువు, దాన్నుంచి ఫలితం రాబట్టడమే కష్టం. చవక తూటాలు, పాత స్టాకు (భుజానికి ఆనించే పిడి) అలాగే ఉంచి ఒక్క బ్యారెల్ మారిస్తే మీ జేబు తేలికవుతుంది, తుపాకీ బరువవుతుంది, అంతే.

ఈ రైఫిల్ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1964లో మార్కెట్లోకి వచ్చింది. పది తూటాలు గుండ్రంగా అమరే పెట్టె (రోటరీ మ్యాగజైన్), .22 లాంగ్ రైఫిల్ తూటా. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కటే పేలుతుంది, ఖాళీ కేసుని, అంటే తూటా డొల్లని, బయటికి విసిరేసి తర్వాతిదాన్ని తనే ఎక్కించుకుంటుంది, సెమీ ఆటో అంటే ఇదే. అమెరికాలో మొదటి రైఫిల్‌గా దీన్నే కొన్నవాళ్ళకి లెక్కలేదు. అందుకే దీనికి దొరికినన్ని విడిభాగాలు ఇంకే .22 రైఫిల్‌కీ దొరకవంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

చట్టం సంగతి క్లుప్తంగా. అమెరికా ఫెడరల్ చట్టం దృష్టిలో సీరియల్ నంబరున్న రిసీవరే (బ్యారెల్, స్టాకు కలిసే నడిమి భాగం) తుపాకీ, బ్యారెల్ విడిభాగం. కాకపోతే రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకి తగ్గకూడదు. తగ్గితే అది 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందికి వస్తుంది, ముందే అనుమతి ఉండాలి. రాష్ట్రాల నిబంధనలు వేరేగా ఉంటాయి, కొనేముందు మీ రాష్ట్రానివి చూసుకోండి. ఇండియాలో ఉండి చూస్తున్నవాళ్ళకి ఒక మాట: అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం విడిభాగాలూ ఆయుధాల కిందే లెక్క, మరమ్మతుకీ మార్పుకీ లైసెన్సు కావాలి. కాబట్టి మీకిది చూసి వదిలేసే వీడియో.

ఇప్పుడు అసలు సంగతి. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. బ్యారెల్ రిసీవర్‌లోకి వెళ్ళే చోటు చూడండి. మరలు లేవు. నున్నటి గొట్టం నేరుగా లోపలికి జారుతుంది. కింద ఈ చిన్న ముక్క ఉంది చూశారా, దీన్ని వీ-బ్లాక్ అంటారు. దీనికి రెండు అలెన్ స్క్రూలు. అవి బిగిస్తే వీ-బ్లాక్ బ్యారెల్ అడుగున ఉన్న గాడిలో పట్టుకుని వెనక్కి లాగుతుంది. మొత్తం బ్యారెల్‌ని పట్టుకుని ఉన్నది ఇదే.

ఏఆర్-15 అనే ఇంకో సెమీ ఆటో రైఫిల్‌లో అయితే బ్యారెల్ నట్టు, దానికి ప్రత్యేకమైన రెంచీ, టార్క్ లెక్క, రిసీవర్‌ని పట్టే బ్లాకూ వైసూ, ఇంత సరంజామా ఉంటుంది. తూటా కూర్చునే చోటి లోతు, అంటే హెడ్‌స్పేస్, గేజీలతో సరిచూడాలి కూడా. ఇక్కడ అదేం అక్కర్లేదు, ఎందుకంటే .22 కేసు అంచు కూర్చునే గుంట బోల్టు (తూటాని వెనకనుంచి మూసే ముక్క) ముఖంలోనే ఉంటుంది, బ్యారెల్ దానికి ఎదురుగా వచ్చి ఆగుతుంది. పైగా .22లో పీడనం తక్కువ: గరిష్ఠంగా చదరపు అంగుళానికి 24,000 పౌన్లు. ఏఆర్‌లో వాడే .223కి అది 55,000. అందుకే 10/22లో చేసినంత ధీమాగా ఏఆర్ మీద చేయి వేయకండి.

విప్పేముందు మ్యాగజైన్ తీసి, బోల్టు వెనక్కి లాగి, ఛాంబర్‌లోకి (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, ఆ తర్వాత చిటికెన వేలితో తడిమి చూడాలి. తూటాలు మీరు పని చేసే గదిలోనే ఉండకూడదు. ఇది ప్రతి వీడియోలో చెప్తానని విసుక్కునేవాళ్ళున్నారు. విసుక్కోండి, నేను మాత్రం చెప్తూనే ఉంటాను.

స్టాకు విప్పడానికి ఒక్క స్క్రూ, ముందు పట్టీ ఉంటే దానిదొకటి. యాక్షన్ (రిసీవర్, బ్యారెల్ కలిసిన భాగం) పైకి రాకుండా మొరాయిస్తే బలం పెట్టకండి. సేఫ్టీ బటన్ ఇటూ అటూ కాకుండా సరిగ్గా మధ్యలో ఉంచండి, అప్పుడు లేస్తుంది. బోల్టు తీసేసి పెట్టుకోవడం మంచిది, ఎక్స్‌ట్రాక్టర్ (కేసుని పట్టి లాగే కొక్కెం) అడ్డు రాదు. తర్వాత వీ-బ్లాక్ స్క్రూలు. సరైన సైజు కీ వాడండి, 5/32 అంగుళం. పాత కీలు అరిగిపోయి ఉంటే స్క్రూ తల గుండ్రంగా అయిపోతుంది, ఇక దాన్ని తీయడానికే రోజు గడిచిపోతుంది.

బ్యారెల్ కాస్త అటూ ఇటూ తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది. కొత్తది బిగుతుగా ఉంటే ఏం చేయాలని చాలామంది అడిగారు. రిసీవర్ అల్యూమినియం, దాన్ని అరగదీయకండి, ఎప్పటికీ. ఉక్కు బ్యారెల్ చివరనే చాలా సన్నటి ఎమరీతో కొద్దికొద్దిగా రుద్ది, మధ్యమధ్యలో పెట్టి చూసుకోవాలి. వదులైపోతే అది బిగుతుకంటే పెద్ద తలనొప్పి. ఎందుకో చెప్తాను.

ఇక్కడే ఆగి వివరంగా మాట్లాడుకోవాలి. కంపెనీ కార్బైన్ బ్యారెల్ సన్నగా మూతివైపు తగ్గుతూ పోతుంది. నేను పెట్టింది మొదటినుంచి చివరిదాకా .920 అంగుళాల లావుండే ఉక్కు బ్యారెల్, బుల్ బ్యారెల్ అంటారు. కార్బైన్ మొత్తం బరువే దాదాపు ఐదు పౌన్లు, ఈ బ్యారెల్ ఒక్కటే దానికి పౌనుకి పైగా కలుపుతుంది. ఆ బరువంతా గాలిలో వేలాడుతూ ఉంటే, దాన్ని మోస్తున్నది అల్యూమినియం గొట్టంలో జారుడు అమరిక. వదులుగా ఉన్నా, వీ-బ్లాక్‌ని మరీ గట్టిగా బిగించినా మూతి రవ్వంత కిందికి వాలుతుంది. కంటికి కనపడదు. స్కోప్ (గురి చూసే దుర్బిణి) సరిచేయబోతే తెలుస్తుంది: ఎత్తు మర తిప్పుతూ పోతే మర అయిపోతుంది కానీ గురి పైకి రాదు. అప్పుడు అందరూ స్కోప్‌నీ మౌంట్‌నీ తిడతారు.

కాబట్టి స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి రెండోది ముట్టుకోవడం కాదు. ఇటు కొంచెం, అటు కొంచెం, సమంగా. రెండూ గట్టిగా ఆనాక కీ పొట్టివైపు పట్టుకుని కాస్త బిగిస్తే చాలు, పళ్ళు కొరకాల్సిన పని లేదు. తర్వాత బోల్టు పెట్టి చేత్తో నెమ్మదిగా ముందుకి తెచ్చి చూడండి. ఎక్స్‌ట్రాక్టర్ తన గాడిలో రాసుకోకుండా కూర్చోవాలి. రాసుకుంటుంటే బ్యారెల్ కాస్త తిరిగిందని అర్థం, స్క్రూలు వదులు చేసి సరిచేయండి.

ఇంకో చిక్కు స్టాకు. కంపెనీ స్టాకులో బ్యారెల్ గాడి సన్నది, .920 అందులో పట్టదు. గాడి వెడల్పు చేయాలి, లేదా లావు బ్యారెల్ కోసమే చేసిన స్టాకు కొనాలి. బ్యారెల్ ధర చూసి సరే అనుకున్నవాళ్ళు ఇక్కడ లెక్క తప్పుతారు. పైగా ఈ బ్యారెళ్ళ మీద ఇనుప సైట్లు ఉండవు, స్కోప్ తప్పనిసరి. అంటే ఒకటి కాదు, మూడు ఖర్చులు. కార్బన్ ఫైబర్ చుట్టిన బ్యారెళ్ళు తేలిక, వాలే బెడదా తక్కువే, కానీ వాటి ధర విన్నాక చాలామంది ఉక్కే చాలంటారు.

ఏ ఛాంబర్ తీసుకోవాలని అడిగారు కదా. సెమీ ఆటోలో మరీ బిగుతుగా, పోటీల కోసం చేసే మ్యాచ్ ఛాంబర్ పెడితే తూటా పూర్తిగా కూర్చోక ఆగిపోయే ప్రమాదం ఉంది. బెంట్జ్ ఛాంబర్ మధ్యేమార్గం: బిగుతుగానే ఉంటుంది, కాల్చని తూటాని కూడా శుభ్రంగా బయటికి తీయనిస్తుంది. నా ఓటు దానికే. పొడవు ఎక్కువైతే వేగం పెరుగుతుందనుకోవద్దు, .22లో మందు 16 అంగుళాల దరిదాపుల్లోనే కాలిపోతుంది. 18 తీసుకున్నా 20 తీసుకున్నా పెద్ద తేడా రాదు.

ఇక కాల్పుల రేంజిలో. మొదట ఒక్క తూటా మాత్రమే ఎక్కించి కాల్చండి, కేసు చూడండి, అంచు ఉబ్బలేదు కదా, చీలలేదు కదా. తర్వాత రెండు పెట్టండి. అంతా బాగుంటేనే మ్యాగజైన్ నింపండి. కళ్ళద్దాలు, చెవులకి రక్షణ ఎలాగూ ఉండాలి.

50 గజాల దగ్గర, అదే స్కోప్‌తో పాత, కొత్త బ్యారెళ్ళతో పోల్చి చూశాను. పెద్ద డబ్బాలో గుత్తగా అమ్మే ఎక్కువ వేగం తూటాలతో తేడా కనపడీ కనపడనట్టుంది. మామూలు వేగం మ్యాచ్ తూటాలతో మాత్రం కొత్త బ్యారెల్ గ్రూపు (గుళ్ళు పడ్డ చోట్ల మధ్య వెడల్పు) పాతదానిలో దాదాపు సగానికొచ్చింది. కారణం ఉంది. శబ్దం వేగం సెకనుకి సుమారు 1,125 అడుగులు. డబ్బా తూటాలు దానికంటే వేగంగా బయల్దేరి, దారిలో ఆ గీత దాటి కిందికి వస్తాయి, అక్కడ గుండు తొణుకుతుంది. మ్యాచ్ తూటాలు మొదటినుంచీ ఆ గీతకి కిందే ఉంటాయి. దానికి తోడు తయారీలో ఒకదానికొకటి సమానంగా ఉంటాయి. బ్యారెల్ ఎంత మంచిదైనా తూటాల్లో ఉన్న తేడాని మింగేయలేదు. ఇంకోటి, ఐదు గుళ్ళ గ్రూపు ఒకటి చూసి చంకలు గుద్దుకోకండి. పది గుళ్ళది కాల్చండి, అప్పుడే బండారం బయటపడుతుంది.

మరి కొనాలా? బెంచీ మీద కూర్చుని టార్గెట్ కొట్టేవాళ్ళయితే కొనండి, బరువు మీకు మేలే, గురి కుదురుగా ఉంటుంది. భుజాన వేసుకుని పొలాల వెంబడి తిరిగేవాళ్ళకి వద్దు, చేతులు పీకుతాయి. ఇంకా ఏదీ మార్చనివాళ్ళు మాత్రం ముందు నాలుగైదు రకాల తూటాలు కొని పాత బ్యారెల్‌లోనే కాల్చి చూడండి. ఏ రకం దానికి పడుతుందో తెలిస్తే సగం సమస్య అక్కడే తీరిపోవచ్చు, దానికయ్యే ఖర్చూ తక్కువే. ఆ తర్వాత ట్రిగ్గర్. బ్యారెల్ మూడోది.

టేక్‌డౌన్ (రెండుగా విడదీసే) మోడల్ ఉన్నవాళ్ళకి ఇందులో చెప్పిన వీ-బ్లాక్ పద్ధతి వర్తించదు, దానికి బ్యారెళ్ళు వేరే వస్తాయి, ఆర్డర్ చేసేటప్పుడు చూసుకోండి. పాత బ్యారెల్‌కి నూనె రాసి దాచి ఉంచండి, అమ్మేస్తే వచ్చేది ఎంతో కాదు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం ఒంట్లోకి పోవడం మంచిది కాదు. ఉంటానండీ.