నిన్నటి చేప, ఇవాళ్టి చేప: ఒక ఫిషరీస్ ఆఫీసర్‌తో కబుర్లు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మనతో మత్స్యశాఖ అధికారి ఒకరున్నారు. ఇంకా సర్వీసులో ఉన్నారు కాబట్టి పేరు వద్దన్నారు. ఉత్తరాంధ్ర తీరం అనుకుంటే చాలన్నారు. మేడమ్, మొదటే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో ఫిషరీస్ ఆఫీసర్ అంటే చెరువుల్లో చేపపిల్లలు వదిలేవాళ్లే.

అతిథి: (నవ్వు) మా అత్తగారూ చాలా ఏళ్లు అదే అనుకున్నారు. చెరువుల వైపు పోస్టింగ్ పడితే అదీ ఉంటుందండీ. నాది సముద్రం వైపు. ఎవరు ఎక్కడ వేటాడాలి, ఏ వల వెయ్యాలి, ఎప్పుడు ఆపాలి, ఇవన్నీ 1994 నాటి చట్టం ప్రకారం మేం చూస్తాం.

హోస్ట్: మరి చేప తినడానికి పనికొస్తుందా లేదా అన్నది?

అతిథి: అది మా చేతిలో లేదు. మార్కెట్లో చేప ఫుడ్ సేఫ్టీ వాళ్లది. ఎగుమతికి వెళ్లేదానికి ఎంపెడా, అంటే సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఉంది, ఎక్స్‌పోర్ట్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ ఉంది. చేప ఒకటే, ఒడ్డుకు రాగానే దానికి ఆఫీసు మారిపోతుంది. నేను రెండు వైపులా చేశాను. ముత్తుకూరులో బీఎఫ్‌ఎస్సీ, అంటే చేపల డిగ్రీ, అయ్యాక ఒక ఎక్స్‌పోర్ట్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాను. ఈ ఉద్యోగం తర్వాత వచ్చింది.

హోస్ట్: ఫ్యాక్టరీలో ఏం చూసేవారు?

అతిథి: చెరువు రొయ్య అయితే యాంటీబయాటిక్స్. క్లోరాంఫెనికాల్ అని ఒక మందుంది. యూరప్‌కి పంపే రొయ్యలో అది కిలోకి 0.3 మైక్రోగ్రాములు ఉన్నా సరుకు ఆపేసేవాళ్లు. 2022 నుంచి దాన్ని 0.15 చేశారు. అందుకే చెరువు పట్టకముందే శాంపిల్ తీసి ఎంపెడా ల్యాబ్‌లో ఎలైజా టెస్టు చేయిస్తారు. రైతేమో 'నేను మందే వెయ్యలేదమ్మా' అంటాడు. ఒక్కోసారి అది నిజమే. ప్రోబయాటిక్ అని ఎవరో అమ్మిన డబ్బాలో మందు కలిసి ఉంటుంది. ఏం కొన్నాడో అతనికే తెలియదు.

హోస్ట్: టెన్షన్ ఉద్యోగమే.

అతిథి: కంటైనర్ వెనక్కి వస్తే ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. కానీ నాకు ఎక్కువ గుర్తుండిపోయింది రొయ్య కాదు, ట్యూనా.

హోస్ట్: చెప్పండి.

అతిథి: తెల్లవారుజామున నాలుగున్నర. హార్బర్లో ఫ్యాక్టరీ తరఫున కొనుగోలుకి వెళ్లాం. పన్నెండు రోజులు సముద్రంలో ఉండి వచ్చిన బోటు. చివరి రోజు పట్టిన ట్యూనాలు పైన ఉన్నాయి. కళ్లు తళతళలాడుతున్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. బోటు నడిపే సరంగు ఒక చేపని ఎత్తి నా ముఖం దగ్గర పెట్టాడు. 'వాసన చూడండి మేడమ్, నిన్న రాత్రి పట్టిందే' అన్నాడు. నిజంగా ఏ వాసనా లేదు, సముద్రం వాసన తప్ప. థర్మామీటర్ ముల్లుదాకా గుచ్చాను. 16 డిగ్రీలు.

హోస్ట్: ఎంత ఉండాలి?

అతిథి: సున్నాకి దగ్గరలో ఉండాలి. నాలుగు దాటకూడదు.

హోస్ట్: నిన్న పట్టిన చేపే కదా, అంత వేడి ఎందుకు?

అతిథి: ఐసు అయిపోయింది. బయల్దేరేటప్పుడు ఐసు దిమ్మలు కొట్టి నింపుకుంటారు. మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు కావాలి. ట్రిప్పు పొడుగైతే మొదట పట్టినదానికే ఐసంతా పోతుంది. ఆఖరున పట్టినదానికి, అంటే ఎక్కువ ధర పలకాల్సినదానికి, అడుగున మిగిలిన నీళ్లే దిక్కు.

హోస్ట్: అయినా వాసన లేదు కదా?

అతిథి: ఇక్కడే అందరూ పొరపాటు పడతారు. ట్యూనా, వంజరం, కనగర్తలు, కవళ్లు, వీటి కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఉంటుంది. చల్లగా లేకపోతే బాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. అది ముక్కుకి తెలియదు. వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. తిన్న గంటలోపే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి. 'నాకు చేప పడదు' అనేవాళ్లలో కొందరికి పడనిది చేప కాదు, ఇదే. ఎగుమతి సరుకుకైతే ఒక లాట్‌లోంచి తొమ్మిది చేపలు తీసి పరీక్ష చేస్తారు. సగటు కిలోకి 100 మిల్లీగ్రాములు దాటకూడదు, ఏ ఒక్క చేపలోనూ 200 దాటకూడదు.

హోస్ట్: అయితే ఆ ట్యూనాలు వద్దన్నారా?

అతిథి: వద్దన్నాం. సరంగు ఏమీ అనలేదు. చేపని నెమ్మదిగా కింద పెట్టాడు, అంతే. అరగంటలో అవే చేపలు వేలంపాటలో పోయాయి. ఆటో ఎక్కాయి. నా కళ్ల ముందే. విదేశాలవాళ్లకి వద్దన్నది ఊళ్లోకి వెళ్లిపోయింది. ఆపడానికి నాకేం అధికారం ఉంది? నేను ఒక కంపెనీ కొనుగోలుదారుని.

హోస్ట్: అందుకే డిపార్ట్‌మెంట్‌కి వచ్చారా?

అతిథి: అలా చెబితే బాగుంటుంది. పరీక్ష రాశాను, ఉద్యోగం వచ్చింది. పర్మనెంట్ కదా! (నవ్వు) కానీ మనసులో అది కూడా ఉందండీ. తమాషా ఏమిటంటే ఇక్కడికొచ్చాక కూడా ఆ ఆటోని ఆపే అధికారం నాకు లేదు. సరంగుతో కూర్చుని ఐసు లెక్క చెప్పగలను, ట్రిప్పు రెండు రోజులు తగ్గించుకోమనగలను. కొందరు విన్నారు. ధర తేడా కళ్లారా చూశాక విన్నారు, నేను చెప్పానని కాదు.

హోస్ట్: వేట నిషేధం సంగతి? ప్రతి వేసవిలో వార్తల్లో వస్తుంది.

అతిథి: మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. అంతకుముందు ఇంతకంటే తక్కువ రోజులే ఉండేది. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపుతోనే మాకు తిప్పలు. ఒకరోజు పొద్దున్నే ఒక ఫైబర్ పడవ ఒడ్డుకొచ్చింది. తెడ్డు భుజాన వేసుకుని దిగాడు పెద్దాయన. 'తెడ్డేసుకుని ఎల్లానమ్మా' అన్నాడు. వెనక టార్పాలిన్ కింద ఏదో ఉంది. పైనుంచే చెయ్యి పెట్టాను. చుర్రుమంది.

హోస్ట్: ఇంజన్!

అతిథి: ఇద్దరం నవ్వేశాం. నవ్వాకే కేసు రాశాను.

హోస్ట్: అయితే మీ ఉద్యోగమంతా వేడిగా ఉందా, చల్లగా ఉందా చూడటమేనా!

అతిథి: (నవ్వు) సగం అంతే. బాధగా ఉంటుందండీ. నిషేధకాలపు భృతి అంతకుముందు 4,000 ఉండేది, 2019లో 10,000 చేశారు, 2025లో 20,000 అయింది. రెండు నెలలకి అది. కానీ ఒకరిని వదిలితే మర్నాడు అరవై పడవలు దిగుతాయి. వదిలేశానని నన్ను తిట్టేది ఆగి ఉన్న పడవలవాళ్లే.

హోస్ట్: రింగు వలల గొడవలు కూడా అలాంటివేనా?

అతిథి: ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల చిన్న పడవలవాళ్లది. రింగు వలల్లాంటి పెద్ద వలలు ఆ లోపలికి వస్తే గొడవే. 2022 జనవరిలో విశాఖలో పడవలు తగలబడేదాకా వెళ్లింది. దాని గురించి ఇంతకంటే మాట్లాడను, రెండు వైపులా నాకు తెలిసినవాళ్లున్నారు.

హోస్ట్: తాబేళ్ల విషయం అడగమని ఒక శ్రోత రాశారు.

అతిథి: వలలో ఇరుక్కున్న తాబేలు బయటికి పోవడానికి కమ్మీల చట్రం ఒకటి పెట్టాలి. టెడ్ అంటారు. అది సరిగ్గా వాడటం లేదని 2019 నుంచి మన సముద్రపు రొయ్యని అమెరికా కొనడం లేదు. చెరువు రొయ్యకి ఆ ఇబ్బంది లేదు. చట్రం చూపిస్తే బోటులో పనిచేసే కలాసీలు ఒకటే మాటంటారు, 'తాబేలు పోయే కంతలోంచి రొయ్య పోదా మేడమ్?' అని. కొంత పోతుంది. పోదని అబద్ధం చెబితే ఆ చట్రాన్ని ఇక ముట్టుకోరు.

హోస్ట్: చేప పాడవకుండా ఫార్మాలిన్ అనే రసాయనం కలుపుతారన్న భయం నిజమేనా? మా అమ్మ అందుకే చేప కొనడం మానేసింది.

అతిథి: 2018లో అదే పెద్ద గొడవ. అస్సాం మన చేపని కొన్నాళ్లు ఆపేసింది కూడా. ఇప్పుడు సిఫ్ట్, అంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, వాళ్ల స్ట్రిప్ ఉంది. కాగితం ముక్క చేప మీద రుద్ది ఒక చుక్క మందు వేస్తే రంగు మారుతుంది. కల్తీ చేసేవాళ్లు లేరనను. కానీ ఫార్మాలిన్ గురించి అడిగినవాళ్లలో పదోవంతు మంది ఐసు గురించి అడిగినా నేను సంతోషిస్తాను.

హోస్ట్: ఆఖరిగా, మీరెలా కొంటారు? అది తెలిస్తే మాకు చాలు.

అతిథి: మొన్న ఆదివారం జరిగింది చెబుతాను. నేను ఎప్పుడూ కొనే ఆవిడ దగ్గరికి వెళ్లాను. రెండు కుప్పలున్నాయి. కనగర్తలే రెండూ. ఒకటి గోనెపట్టా మీద ఎండలో ఉంది. రెండోది థర్మోకోల్ పెట్టెలో ఐసు కింద ఉంది. నేను పెట్టె వైపు వంగగానే నా చెయ్యి పట్టుకుంది. 'అయ్యి నిన్నటియి మేడమ్, మీకొద్దు. ఇయి ఇయ్యాల తెల్లారగట్ల దిగినయి, ఇయి తీసుకోండి.'

హోస్ట్: మీ మీద అభిమానం!

అతిథి: అభిమానమే మరి. అప్పటికి టైము పదకొండున్నర. ఎండలో కుప్ప మీద చెయ్యి పెట్టి చూశాను. నా చెయ్యికీ చేపకీ తేడా తెలియలేదు. పెట్టెలో వేలు పెడితే జివ్వుమంది. నిన్నటివే కిలో ఇమ్మన్నాను.

హోస్ట్: ఆవిడేమంది?

అతిథి: తూకం వేస్తూ పక్కావిడతో అంది, 'ఈ మేడమ్‌కి సేపలు కొనడం రాదే' అని.