శ్రీకాకుళం ఉక్కపోతకు ఈ హాట్ అండ్ కోల్డ్ ఏసీ పనికొస్తుందా? వాడి చూసి చెబుతున్నాను

అందరికీ నమస్కారం. విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట చెప్పాలి. నా వెనక గోడ మీద కనిపిస్తున్న ఈ ఏసీ నేను కొన్నది కాదు. శ్రీకాకుళంలో ఒక డీలరు, వాడి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఉచితంగా బిగించి ఇచ్చారు. ఈ వీడియో వారికి ముందుగా చూపించలేదు, చూపించమని వారూ అడగలేదు. కంపెనీ పేరు, మోడల్, ధర తెర మీద కింద ఉన్నాయి. ఒకటిన్నర టన్ను, ఇన్వర్టర్, త్రీ స్టార్, చల్లగాలితో పాటు వేడిగాలి కూడా ఇస్తుంది. వైఫై ఉందా, రిమోట్ ఏ రంగులో ఉంది, ఇవన్నీ మీరు ఇప్పటికే వేరే చోట్ల చూసి ఉంటారు. నేను ఈ రోజు ఎక్కువసేపు మాట్లాడబోయేది తేమ గురించి. మన వైపు ఏసీ కొనేటప్పుడు ముందు అడగాల్సిన ప్రశ్న అదే. దుకాణంలో మాత్రం ఎవరూ దాని ఊసెత్తరు.

మనల్ని పీడించేది ఎండ ఒక్కటే కాదు. మే నెలలో పడమటి గాలి వీచిన రోజు ఎండ మండిపోతుంది, నిజమే. కానీ ఆ గాలి పొడిగా ఉంటుంది, చెమట ఆరుతుంది, నీడన కూర్చుంటే ప్రాణం కుదుటపడుతుంది. గాలి మళ్లి సముద్రం వైపు నుంచి వీచినప్పుడు చూడండి. 30 డిగ్రీలే ఉంటుంది, అయినా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, పక్క మీద దుప్పటి జిడ్డుగా తగులుతుంది, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరదు. కళింగపట్నం, బారువ, భావనపాడు వైపు ఉన్నవారికి ఇది నేను చెప్పనక్కరలేదు.

ఒక లెక్క చెబుతాను. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న మామూలు పడకగది తీసుకోండి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రాత్రి ఆ గది గాలిలో ఆవిరి రూపంలో ఉన్న నీరు దాదాపు ఒక లీటరు. కంటికి కనిపించదు గాని ఉంది. మీకు హాయిగా నిద్ర పట్టాలంటే అందులో దాదాపు సగం బయటికి పోవాలి. తలుపు తీసినప్పుడల్లా, మనం ఊపిరి వదిలినప్పుడల్లా మళ్లీ కొంత చేరుతూనే ఉంటుంది. ఒక లీటరు ఆవిరిని నీరుగా మార్చడానికి ఏసీ సుమారు 0.68 యూనిట్లకు సమానమైన వేడిని లాగాలి. అంటే ఏసీ చేసే పనిలో చాలా భాగం గదిని చల్లబరచడానికి కాదు, ఆరబెట్టడానికే పోతుంది.

మరి ఆరబెట్టే పని ఎలా జరుగుతుంది? చల్లటి మజ్జిగ గ్లాసు బయట నీటి బొట్లు పడతాయి కదా, ఇండోర్ యూనిట్‌లోని కాయిల్ మీదా, అంటే చల్లటి గ్యాస్ తిరిగే గొట్టాల చుట్ట మీదా అంతే. కాయిల్ బాగా చల్లగా ఉంటేనే గాలిలోని తేమ దాని మీద నీరై జారి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోతుంది. కాయిల్ చల్లదనం తగ్గితే నీరు పడటమూ తగ్గుతుంది. ఇన్వర్టర్ ఏసీలతో నాకున్న పేచీ ఇక్కడే మొదలవుతుంది. గది మనం పెట్టిన 24 డిగ్రీలకు రాగానే ఇన్వర్టర్ ఏసీ తన కంప్రెసర్ వేగం, అంటే గ్యాస్‌ను నొక్కి తిప్పే యంత్రం వేగం, తగ్గించుకుంటుంది. కరెంటు ఆదా అవుతుంది, మంచిదే. కానీ వేగం తగ్గితే కాయిల్ చల్లదనం కూడా తగ్గుతుంది. గది చల్లగానే ఉంటుంది, తేమ మాత్రం అలాగే నిలిచిపోతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? ఇంకా ఉక్కగా ఉందని రిమోట్ తీసి 22 చేస్తాం, తరువాత 20 చేస్తాం. తెల్లవారుజామున చలికి వణుకుతూ దుప్పటి వెతుక్కుంటాం. ఒళ్లు చల్లబడింది గాని జిడ్డు పోలేదు.

దీనికి తోడు ఇంకొకటి ఉంది, నాకు నిజంగా కోపం తెప్పించేది. చాలా ఏసీల్లో, ఈ ఏసీ కూల్ మోడ్‌లో కూడా, కంప్రెసర్ ఆగిన తరువాత లోపలి ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అప్పటికి కాయిల్ మీద తడి ఉంటుంది. ఆ తడి మీదుగా గాలి వీచి, ఇంతసేపూ కరెంటు ఖర్చు పెట్టి పట్టిన నీటిని మళ్లీ ఆవిరి చేసి గదిలోకే పంపుతుంది. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు పెట్టి కూర్చుంటే తెలుస్తుంది. ఇదిగో, తెర మీద చూడండి. కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ అంకె మెల్లగా దిగుతోంది. ఇప్పుడు ఆగింది. ఫ్యాన్ తిరుగుతోంది. అంకె మళ్లీ పైకి పాకుతోంది. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ కూడా మారలేదు, ఒంటికి మాత్రం తేడా తెలిసిపోతోంది. కంప్రెసర్‌తో పాటు ఫ్యాన్‌ను కూడా ఆపే ఏర్పాటు చేయడం కంపెనీలకు పెద్ద పని కాదు. తేమ ప్రాంతాల వారి కోసం ఒక్క బటన్ ఇస్తే చాలు.

మరి స్టార్ లేబుల్ చూసి కొంటే సరిపోదా అని అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే ఆ లేబుల్ మంచిదే, చూసే కొనండి. కానీ అది దేన్ని కొలుస్తుందో తెలుసుకోండి. పరీక్ష గదిలో లోపలి గాలి 27 డిగ్రీలు, తడి బల్బు, అంటే తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు, 19 డిగ్రీలు చూపేలా పెడతారు. ఆ రెండింటినీ కలిపి లెక్క వేస్తే తేమ దాదాపు 47 శాతం. మన గదుల్లో 47 శాతం తేమ ఎప్పుడు చూశారు చెప్పండి? ఆ లేబుల్ మీది అంకె కరెంటు ఎంత పొదుపుగా వాడుతుందో చెబుతుంది, ఉక్కపోతను ఎంత బాగా తీస్తుందో చెప్పదు. కొన్ని కంపెనీల వివరపత్రంలో మాత్రం గంటకు ఎన్ని లీటర్ల తేమ తీస్తుందో ఉంటుంది. దుకాణంలో ఆ కాగితం అడగండి. లేదంటే వేరే మోడల్ చూపించమనండి.

ఇక ఈ ఏసీలో నాకు బాగా నచ్చిన సంగతికి వస్తాను. దీని డ్రై మోడ్. డ్రై మోడ్ ఇప్పుడు అన్నింటిలోనూ ఉంది, కానీ ఎక్కువ వాటిలో అది పేరుకే. ఇందులో తేమ శాతం మనమే పెట్టుకోవచ్చు. 50, 55, 60. నేను 55 పెడతాను. అప్పుడు లోపలి ఫ్యాన్ నెమ్మదిస్తుంది, కాయిల్ చల్లగా ఉంటుంది, గాలి దాని మీద ఎక్కువసేపు నిలుస్తుంది, నీరు ధారగా జారుతుంది. కావలసిన అంకెకు చేరాక ఈ మోడ్‌లో ఫ్యాన్ కూడా ఆగుతుంది. మేడ వెనక డ్రెయిన్ పైపు కింద పెట్టిన బకెట్ చూపిస్తున్నాను. మొన్న వాన వెలిసిన రాత్రి పెట్టింది, తెల్లవారేసరికి ఇంత నిండింది. ఇదంతా మా గదిలో మేం పీల్చిన గాలిలోంచి వచ్చిన నీరే. ఆ రాత్రి గది 27 డిగ్రీల దగ్గర ఉంది, పైన సీలింగ్ ఫ్యాన్ ఒకటో నంబరులో తిరిగింది. ఇంట్లో ఎవరూ 22 చేయమని అడగలేదు. మా నాన్నగారికి ఏసీ గాలి పడదు, కీళ్లు పట్టేస్తాయని హాల్లోనే పడుకునేవారు. ఇప్పుడు ఆయన కూడా గదిలోకి వచ్చారు.

డబ్బు లెక్కలోనూ ఇదే మేలు. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని బీఈఈ చెబుతుంది. 2020 నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా చేసింది కూడా అందుకే. తేమ తీసేస్తే 27లో హాయిగా ఉండవచ్చు. 2022లో మార్చిన శ్లాబుల ప్రకారం మన రాష్ట్రంలో ఇంటి వాడకం 225 యూనిట్లు దాటాక ఒక్కో యూనిట్‌కు 8.75 రూపాయలు, 400 దాటాక 9.75. ఆ పై శ్లాబుల్లో మిగిలే యూనిట్లే అన్నిటికంటే ఖరీదైనవి.

అయితే ఈ డ్రై మోడ్‌లో ఒక లోపం ఉంది, చిన్నది కాదు. కరెంటు పోయి వస్తే ఏసీ తనంతట తాను ఆన్ అవుతుంది, కానీ తేమ శాతం మరిచిపోయి కూల్ మోడ్‌లో 24 దగ్గర మొదలవుతుంది. వానాకాలం మన వైపు కరెంటు పోవడం వింత కాదు. అర్ధరాత్రి లేచి, రిమోట్ వెతికి, మళ్లీ మోడ్ మార్చి, మళ్లీ 55 పెట్టాలి. లేవకపోతే తెల్లవారేసరికి మళ్లీ అదే జిడ్డు. ఇంత మంచి వసతి ఇచ్చి దాన్ని గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి ఇవ్వకపోవడం అన్యాయం.

వేడిగాలి గురించి. బయటి యూనిట్‌లో ఒక నాలుగు దారుల వాల్వు ఉంటుంది. అది గ్యాస్ దారిని తిప్పేస్తే లోపలి కాయిల్ వేడెక్కుతుంది, బయటిది చల్లబడుతుంది. తీగ ఎర్రబడే మామూలు హీటరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఇది బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది కాబట్టి మూడింతల వరకు ఇవ్వగలదు. సంక్రాంతికి ముందే బిగించారు కాబట్టి ధనుర్మాసంలో తెల్లవారుజామున వాడి చూశాను, చక్కగా పనిచేసింది. కానీ శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఏడాదిలో అది అవసరమయ్యే తెల్లవారుజాములు ఎన్ని ఉంటాయి? దుప్పటితో పోయే చలి మనది. అరకు, పాడేరు, లంబసింగి వైపు ఇల్లున్నవారు మాత్రం తప్పకుండా ఆలోచించండి, అక్కడ ప్రతి రూపాయికీ ఫలితం ఉంటుంది. మైదానంలో ఉన్నవారు ఆ అదనపు సొమ్ము దీనికి పెట్టకండి.

ఆ సొమ్ము ఎక్కడ పెట్టాలో చెబుతాను. బయటి యూనిట్ మీద. మా సొంత ఊరు శ్రీకూర్మం దగ్గర, సముద్రం దూరం కాదు. అక్కడ ఇంతకుముందు వాడిన ఏసీ, కంపెనీ పేరు అనవసరం, ప్రతి వేసవికీ చల్లదనం తగ్గిపోయేది. వచ్చిన మెకానిక్ ప్రతిసారీ ఒకే మాట, గ్యాస్ అయిపోయింది, నింపాలి. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు పట్టి బాగుచేయకుండా నింపడం అంటే మన డబ్బును గాలిలో కలపడమే. చివరికి ఒకరు బయటి యూనిట్ విప్పి చూపించారు. కాయిల్ మీది అల్యూమినియం రేకులు వేలితో తాకితే తెల్లటి పొడిగా రాలాయి. రాగి గొట్టం, అల్యూమినియం రేకు కలిసే చోట ఉప్పు తడి చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. అందుకే తీరంలో ఉన్నవారు రాగి కాయిల్ ఒక్కటే అడిగితే చాలదు, రేకుల మీద తుప్పు పట్టని పూత ఉందా అని కూడా అడగండి. ఈ ఏసీకి నీలం పూత ఉంది. అది ఎన్నేళ్లు నిలుస్తుందో ఇప్పుడే తేల్చలేను. నేను మాత్రం నెలకోసారి కరెంటు ఆపి, మంచినీళ్లతో మెల్లగా కడుగుతున్నాను. జోరుగా కొట్టే పైపు వాడవద్దు, రేకులు వంగిపోతాయి.

బిగించే ఇనుప స్టాండు కూడా అంతే ముఖ్యం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన జిల్లాలు మనవి. తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు వీచిన గాలి గుర్తున్నవారెవరూ తుప్పు పట్టిన స్టాండు మీద అంత బరువు వదిలేయరు. వీలైతే మేడ మీద దిమ్మ కట్టి దాని మీద బిగించండి.

చాలామంది అడిగే ప్రశ్న, పై అంతస్తు గది, స్లాబు వేడి, రెండు టన్నులు తీసుకోమని దుకాణదారు అంటున్నారు, తీసుకోవాలా? నేను చెప్పిన గదికి వద్దు. అవసరానికి మించిన ఏసీ గదిని త్వరగా చల్లబరిచి త్వరగా నెమ్మదిస్తుంది. తేమ తీసే సమయమే దానికి దొరకదు. స్లాబు మీద తెల్లటి పూత వేయించండి, ఆ వేడి చాలావరకు అక్కడే తగ్గుతుంది. కూలర్ కొనాలా అని అడిగేవారికి కూడా ఒక మాట. కూలర్ గాలిలో తేమ కలిపి చల్లబరుస్తుంది. పడమటి గాలి రోజు పనిచేస్తుంది, సముద్రపు గాలి రోజు ఉక్కపోత పెంచుతుంది.

ఇక నా నిర్ణయం. ఈ హాట్ అండ్ కోల్డ్ మోడల్ నా డబ్బుతో కొనను, డీలరుకు తిరిగి ఇచ్చేస్తున్నాను. కానీ ఇదే కంపెనీలో, ఇదే తేమ శాతం పెట్టుకునే డ్రై మోడ్‌తో, చల్లగాలి మాత్రమే ఇచ్చే మోడల్ ఉంది. దానికి డబ్బు కట్టేశాను. కరెంటు పోయి వచ్చినా తేమ అంకె గుర్తుంచుకునేలా మార్చమని కంపెనీకి రాశాను, మీరూ కొంటే అదే అడగండి. కొత్తది బిగించే రోజు గొట్టాల్లోని గాలిని వాక్యూమ్ పంపుతో పూర్తిగా లాగించి, ఆ పనంతా మొదటి నుంచి వీడియో తీస్తాను. పంపు లేకుండా వచ్చిన మెకానిక్‌ను మీ గోడకు రంధ్రం వేయనివ్వకండి. తేమ మీటరు ఎక్కడ కొన్నానో, ఏది బాగుందో వీడియో కింద రాశాను. నమస్కారం.